నాబులు లేని శ్రుతి పెట్టె

పులివెందుల సంగీతం టీచరమ్మ మొదటిసారి ఫోన్ చేసినప్పుడు నేను ఆమె మాట నమ్మలేదు. ముందు ఈ సంగతి ఒప్పుకొని మిగతాది చెప్తాను. సర్వీసు బల్ల ముందు కొత్తగా కూర్చునే పిల్లలు చేసే మొదటి తప్పు అదే. ఇరవై తొమ్మిదేండ్లు పనిచేసి, ఇంకొక ఏడాదిలో ఇంటికి పోవాల్సిన నేనూ అదే చేసినాను.

నాది జమ్మలమడుగు. ఐటీఐలో రేడియో, టీవీ మెకానిక్ చదివినాను. మా బ్యాచ్‌లో ఆడపిల్లను నేనొక్కదాన్నే. ప్రొద్దుటూరులో సంగీత వాయిద్యాలు అమ్మే అంగడిలో రిపేరు పనికి చేరి, ఆ బల్ల ముందరే తల నెరిపించుకున్నాను. కీబోర్డులు, యాంప్లిఫయర్లు, మైకులు, శ్రుతి పెట్టెలు అన్నీ నా దగ్గరికే వచ్చేవి. పక్క బల్ల హార్మోనియాలు సరిచేసే భాయ్‌ది. నాకంటే పన్నెండేండ్లు పెద్దాయన. కరెంటుతో నడిచే ఏ వస్తువునూ ముట్టడు. "కరెంటు పోతే నీ బల్ల మీద ఉండేటివన్నీ శవాలే బేటీ" అని రోజుకొకసారన్నా అనకపోతే ఆయనకు టీ దిగేది కాదు.

తెలీనివాళ్ళ కోసం ఒక మాట. శ్రుతి పెట్టె అంటే పాడేవాళ్ళ వెనక తంబూరా మాదిరి ఆగకుండా మోగే చిన్న కరెంటు పెట్టె. ఒక్కొక్క గొంతుకు ఒక్కొక్క శ్రుతి. మగవాళ్ళు చానామంది ఒకటికో ఒకటిన్నరకో పాడితే, ఆడవాళ్ళకు ఐదో ఐదున్నరో కావాల. పాత పెట్టెల మీద శ్రుతికి ఒక నాబు, తాళం వేగానికి ఒక నాబు ఉండేవి. కావలసిన చోటికి తిప్పుకుంటే అయిపోయేది. కంపెనీవాళ్ళు ఆ మోడల్ ఆపేసి కొత్తది తెచ్చినారు. సబ్బుబిళ్ళ మాదిరి నున్నగా ఉంటుంది. పైన ఒకే ఒక బటను. శ్రుతి మార్చాలన్నా, తాళం పెట్టాలన్నా ఫోన్‌లో యాప్ తెరవాల్సిందే.

పులివెందుల టీచరమ్మ ఎవరి చేతనో పంపించిన పాత పెట్టె నా బల్ల మీదే చచ్చిపోయింది. అందులో ఐసీ చిప్పు ఇప్పుడు ఎక్కడా దొరకదు. "కొత్త మోడల్ తీసుకోండి టీచర్, అంతా ఫోన్‌లోనే అయిపోతుంది" అని ఫోన్‌లో గొప్పగా వర్ణించి, అంటగట్టి పంపించింది నేనే.

రెండు వారాలకు ఆమె ఫోన్.

"ఏమ్మా, నువ్విచ్చిన పెట్టె పాట నడుమ శ్రుతి మార్చుకుంటాంది. పిల్లోళ్ళు ఐదున్నరకు పాడతాంటే అది ఉన్నట్టుండి ఒకటికి దిగిపోతాంది."

"మీ ఫోన్ పాతది అయ్యుంటాది టీచర్. యాప్ తీసేసి మళ్ళా ఎక్కించుకోండి."

"ఎక్కించుకోడానికి కనపడాల గదమ్మా" అని ఆమె నవ్వింది.

నేను ఆ మాటను పట్టించుకోలేదు. పెద్దవాళ్ళు ఫోన్ గురించి అట్లా అనడం మామూలే కదా అనుకున్నాను. మళ్ళీ ఫోన్ చేసింది, మళ్ళీ అదే చెప్పినాను. మూడోసారి ఆమె ఫోన్ చెయ్యలేదు. పెట్టె సంచిలో పెట్టుకొని బస్సెక్కి వచ్చేసింది. వెంట పదిహేడేండ్ల శిష్యురాలు. ఆ పిల్ల చెయ్యి పట్టుకొని మా అంగడి మెట్లు ఒక్కొక్కటే తడుముకుంటూ ఎక్కుతున్న టీచరమ్మను చూసినప్పుడు, ఆమె ఫోన్‌లో నవ్విన నవ్వుకు అర్థం నాకు తెలిసింది. చక్కెర జబ్బు వల్ల చూపు ముక్కాలు వంతు పోయింది. వెలుగు తెలుస్తుంది, మనిషి వచ్చింది తెలుస్తుంది. ఫోన్‌లో అక్షరాలు తెలియవు.

"పాత ఫోన్ అంటివి గదా, కొత్తది తీసుకున్యా. ఇప్పుడు కూడా అట్లే చేస్తాంది" అనింది.

నాకు సిగ్గనిపించింది. ఆ సిగ్గులో తొందరపడినాను. పెట్టె అందుకొని, బటను పది సెకన్లు నొక్కిపట్టి, కంపెనీ నుంచి వచ్చిన రోజు ఎట్లుందో అట్లా చేసేసినాను. సర్వీసువాళ్ళకు ఏమీ తోచనప్పుడు చేసే పని అదే. యాప్ కొత్తగా తెరిచి చూపిస్తే శిష్యురాలి ముఖం మారిపోయింది.

"టీచర్, లిస్టు లేదు."

ఇరవై రెండు మంది పిల్లలు ఆమె దగ్గర నేర్చుకుంటున్నారు. ఎవరి శ్రుతి ఎంత, ఎవరికి తాళం ఎంత నిదానంగా ఉండాల, అన్నీ ఈ పిల్ల కూర్చొని ఒక్కొక్క పేరుతో యాప్‌లో దాచిపెట్టింది. నేను అడక్కుండా తుడిచేసినాను. టీచరమ్మ నన్ను ఒక్క మాట అనలేదు. "పోనీలేమ్మా, మళ్ళా పాడించుకుంటాం" అనింది. తిట్టి ఉంటే తేలిగ్గా ఉండేది.

వాళ్ళు పోయినాక భాయ్ హార్మోనియం తిత్తికి జిగురు పూస్తూ, తల ఎత్తకుండా అన్నాడు. "బేటీ, హార్మోనియం తెచ్చినోళ్ళను నేను ముందు వాయించి చూపించమంటా. ఆమెను ఒక పాట పాడమని అడిగింటే ఏం పోయేది?"

నిజమే. ఆ పెట్టె ఆమె ఎట్లా వాడుతుందో నేను చూడనే లేదు.

ఆ ఏడు సంగీతం సర్టిఫికెట్ పరీక్ష జమ్మలమడుగులో ఒక స్కూల్లో పెట్టినారు. ఆ శిష్యురాలు రాస్తోంది. తండ్రి కువైట్‌లో డ్రైవరు, తల్లి ఇంట్లో మిషన్ కుడుతుంది. ఇంటర్ అయినాక పాటే నేర్చుకుంటానని పట్టుబట్టి, ఇంట్లోవాళ్ళ దగ్గర ఒక్క ఏడాది అడిగి తీసుకుంది. సర్టిఫికెట్ వస్తే సంగీత కళాశాలలో డిప్లొమాకు పంపుతామన్నారు. రాకపోతే అందరి మాదిరి డిగ్రీలో చేరాల. టీచరమ్మ నాకు ఫోన్ చేసి, "నీ ఊర్లోనే గదా, ఆదివారం ఒక గంట వచ్చి పెట్టె దగ్గర కూచ్చుంటావా?" అని అడిగింది. తప్పు సరిదిద్దుకునే అవకాశం దొరికిందని సంతోషంగా పోయినాను.

గది బయట నేనే ఫోన్ తీసుకొని అన్నీ సరిచూసినాను. పాట నడుమ ఎవరన్నా ఫోన్ చేస్తే శ్రుతి చెడుతుందని అనుమానం. అందుకని నెట్ ఆపేసినాను, ఫోన్లు రాకుండా చేసినాను. ఐదున్నర పెట్టి, మోగించి, పిల్లకు ఇచ్చి, "ఇంక ఏం కాదు, ధైర్యంగా పాడు" అన్నాను.

వర్ణం బాగా పాడింది. కిటికీ పక్కన నిలబడి వింటున్న నాకే ఒళ్ళు పులకరించింది. కీర్తన ఎత్తుకుంది. పల్లవి అయింది. అనుపల్లవిలో పైకి పోతుండగా పెట్టె ఒక్క క్షణం ఆగి, ఒకటి శ్రుతిలో బొయ్యిమని మోగింది.

ఆ పిల్ల ఆగలేదు, పాపం. కింది శ్రుతిని పట్టుకోబోయింది. గొంతు అందలేదు. మళ్ళీ తన శ్రుతికి పోబోయింది. వెనక మోగేది ఒకటి, తాను పాడేది ఒకటి. గొంతు బొంగురుపోయింది. పరీక్ష చేసే ఆమె పెట్టె ఆపించి, "మళ్ళీ మొదలుపెట్టమ్మా" అని నెమ్మదిగానే చెప్పింది. పిల్ల మొదలుపెట్టలేకపోయింది. కండ్లలో నీళ్ళు నింపుకొని దండం పెట్టి బయటికి వచ్చేసింది.

కారణం నాకు ఆ సాయంత్రమే, టీచరమ్మ వదిలిపోయిన పెట్టెను నా ఫోన్‌తో, నెట్ ఆపి మోగించి చూసినప్పుడు తెలిసింది. నెట్ లేకుండా కొంతసేపు అయితే యాప్ తనంతట తానే లాగవుట్ అవుతుంది. లాగవుట్ అయితే పెట్టె కంపెనీవాళ్ళు పెట్టిన ఒకటి శ్రుతికి పోతుంది. అంటే ఏ ఫోన్ పాతదీ కాదు, ఎవరి చేతకానితనమూ లేదు. పులివెందులలో టీచరమ్మ ఇంటి దగ్గర నెట్ వస్తూ పోతూ ఉంటుంది, అంతే. ఇక్కడేమో ఆ నెట్‌ను నా చేత్తో నేనే ఆపినాను.

ఆ సంగతి తెలియకముందే, బస్టాండులో ముద్దనూరు మీదుగా పోయే పులివెందుల బస్సు కోసం కూర్చున్నప్పుడు, ఆ పిల్ల అడిగింది. "ఆంటీ, తప్పు నాదా, పెట్టెదా?"

"నాది" అన్నాను. అప్పటికి అది సగమే నిజం అనుకుంటూ అన్నాను.

సోమవారం కంపెనీకి రాసినాను. యాప్ తీసేసి మళ్ళీ ఎక్కించుకోండి అని జవాబు వచ్చింది. మళ్ళీ రాసినాను, అక్షరం పొల్లుపోకుండా అదే జవాబు. నేను టీచరమ్మకు చెప్పిన మాటనే నాకు ఎవరో తిరిగి చెబుతున్నారు. కోపం వచ్చింది, దానికంటే ఎక్కువ నవ్వొచ్చింది.

అప్పుడు అంగడిలో చూపించడానికి పెట్టుకున్న డెమో పెట్టెను విప్పినాను. అంతవరకు విప్పే అవసరమే రాలేదు. లోపల బోర్డు మీద ఒక అంచున మూడేసి ఖాళీ రంధ్రాలు రెండు చోట్ల ఉన్నాయి. పక్కన చిన్న తెల్ల అక్షరాలు. ఒకదాని పక్కన పిచ్, ఇంకొకదాని పక్కన టెంపో. అవి నాబుల చోట్లు. నాబులకు చోటు పెట్టి, నాబులు పెట్టకుండా మూత మూసేసినారు.

టీచరమ్మ పాత పెట్టెలోంచి నాబును ఊడదీసి దానికి అతికించినాను. తిప్పితే ఏమీ కదల్లేదు. పక్కనే రెండు సీసం చుక్కలు ఎడంగా ఉన్నాయి, వాటిని కలపాలేమో అనిపించింది. కలిపినాను. చెయ్యి జారి సీసం పక్క ఐసీ కాలు మీదికి పాకింది. సన్నగా పొగ.

"చచ్చిందా?" అన్నాడు భాయ్.

"చచ్చింది."

"ఇంకొకటి తియ్ మరి."

ఇంకొకటి లేదు. ఉన్నది టీచరమ్మ పెట్టె ఒక్కటే, పరీక్ష తర్వాత నా దగ్గరే వదిలిపోయింది. అంగడి ఓనరు, నాకంటే పదిహేనేండ్లు చిన్నవాడు, డెమో పెట్టెను చూసి తల పట్టుకున్నాడు.

"అక్కా, కంపెనీ పీసు విప్పేదే తప్పు. గ్యారంటీ ఉండే కస్టమరు పీసు విప్పితే మన సర్వీసు సెంటరు బోర్డు పీకేస్తారు. నువ్వు రిటైరై పోతావు, నేనేం కావాల?"

అతని మాటలో తప్పు లేదు. నేను టీచరమ్మకే ఫోన్ చేసి, ఉన్నదున్నట్టు చెప్పినాను. "పూర్తిగా పాడైపోవచ్చు టీచర్. గ్యారంటీ కూడా పోతాది."

"ఇప్పుడేమన్నా బాగుందా ఏంది?" అనింది ఆమె. "చెయ్ తల్లీ."

ఫోన్ స్పీకరులో ఉంది. ఓనరు విన్నాడు. కాసేపు బల్ల అంచు గోకి, "నేను టీ తాగేదానికి పోతాండా. ఏం చేసినావో నాకు తెలీదు" అని వెళ్ళిపోయినాడు. ఆ టీకి గంటన్నర పట్టింది.

ఈసారి అదే నాబును టీచరమ్మ పెట్టెకు అతికించి, భూతద్దం పెట్టుకొని, ఊపిరి బిగబట్టి, ఆ రెండు చుక్కల్ని మాత్రమే కలిపినాను. కరెంటు ఇచ్చి నాబు తిప్పినాను. శ్రుతి మెట్టు మెట్టుగా జరిగింది. ఫోన్‌లో యాప్ మూసేసినాను. ఫోన్‌నే ఆపేసినాను. పెట్టె మాత్రం పెట్టిన శ్రుతిలోనే హాయిగా మోగుతోంది. నేను గట్టిగా అరిచినట్టున్నాను, రోడ్డు మీద పోయేవాళ్ళు లోపలికి తొంగిచూసినారు.

అప్పుడు భాయ్ లేచి వచ్చినాడు. నా బల్ల దగ్గరికి హార్మోనియం తెచ్చుకొని కూర్చోవడం అదే మొదలు. ఆయన ఒక్కొక్క మెట్టు నొక్కుతాడు, నేను నాబు తిప్పుతాను. రెండు స్వరాలు కలిసినప్పుడు ఆయన "ఆ" అంటాడు. అక్కడ పెట్టె మీద గోళ్ళరంగు ఒక బొట్టు పెడతాను. ఆరితే అది గింజ మాదిరి వేలికి తగులుతుంది. గోళ్ళరంగు కొనేటప్పుడు గాజులంగడి ఆమె నన్ను ఎగాదిగా చూసింది, అది వేరే సంగతి. పని అయినాక భాయ్ పెట్టెను ఒకసారి చేత్తో తట్టి, "చెవి మంచిదే దీనికి" అన్నాడు. కరెంటు వస్తువుకు ఆయన ఇచ్చిన మొదటి మెప్పు.

పులివెందులకు నేనే తీసుకపోయినాను. టీచరమ్మ ఇంటి నడిమి గదిలో చాప మీద పిల్లలు బారుగా కూర్చున్నారు. ఆమె పెట్టెను ఒళ్ళో పెట్టుకొని, బొట్లను వేలితో తడుముకుంటూ నాబు తిప్పింది. ముఖం విప్పారింది. తర్వాత కనుబొమలు ముడిపడినాయి.

"ఇదేందమ్మా, కుడికి తిప్పితే శ్రుతి దిగతాంది?"

రెండు తీగలు ఉల్టా అతికించినాను. బొట్ల హడావుడిలో భాయ్ గానీ నేను గానీ గమనించలేదు. "తీసుకపోయి సరిచేసుకొస్తా టీచర్" అన్నాను.

"యాడికి తీసుకపోతావు? ఈన్నే చెయ్. సామాన్లు తెచ్చుకున్యావు గదా."

చాప మీదే కూర్చొని సోల్డరింగ్ పెట్టినాను. పిల్లలు చుట్టూ మూగినారు. వేడి తగలకుండా టీచరమ్మ వాళ్ళను దూరంగా కూర్చోబెట్టి, సరళీ స్వరాలు పాడించింది. ఇరవై గొంతులు పాడుతుంటే తీగలు మార్చిన మెకానిక్కును ఈ జిల్లాలో నేనొక్కదాన్నే అయ్యుంటాను. బొట్లన్నీ గీకేసి మళ్ళీ పెట్టాల్సి వచ్చింది. ఈసారి "ఆ" అనే పని టీచరమ్మ చేసింది.

చచ్చిన డెమో పెట్టెను లెక్క ప్రకారం కంపెనీకి పంపాల. పంపినాము. నెల తిరగకముందే అక్కడి నుంచి ఒక ఇంజనీరు వచ్చింది. ముప్పై నిండని కోస్తా అమ్మాయి. బల్ల మీద ఆ బోర్డు పెట్టి, "ఈ సోల్డరింగ్ ఎవరు చేశారండీ?" అని అడిగింది. ఓనరు నా వైపు చూడలేదు. అంతకంటే ఏం చేస్తాడు?

"నేనే చేసినానమ్మా. ఇంకొకటి కూడా చేసినా. అది బతికింది" అన్నాను.

"యాప్ మీద మీరు పెట్టిన కంప్లయింట్లు నా దాకా రాలేదండి. ఆ రంధ్రాలు మొదటి డిజైన్‌లోవి. నాబులు వద్దనుకున్నాక బోర్డు మీద తీసేయడం మర్చిపోయారు."

"ఎవరు మరిచిపోయినారో గానీ, వాళ్ళకు దండం పెట్టాల" అన్నాను.

ఆ అమ్మాయికి నవ్వొచ్చింది, ఆపుకుంది. "చూడలేదని రాయలేనండి. చూశాననే రాయాలి. అయితే ఎందుకు చేశారో కూడా చూసి రాస్తాను. ఆ టీచర్ గారి దగ్గరికి తీసుకెళ్తారా?"

తీసుకపోయినాను. ఒక మధ్యాహ్నమంతా ఆ చాప మీదే కూర్చుంది. టీచరమ్మ ఫోన్ ఇచ్చి, "యాప్‌లో నాలుగు శ్రుతి పెట్టు తల్లీ, కండ్లు మూసుకొని" అనింది. ఇంజనీరమ్మ కండ్లు మూసుకొని అద్దం మీద వేలు అటూ ఇటూ తిప్పి, చివరికి తెరిచింది. సంచిలోంచి పుస్తకం తీసి రాసుకుంది.

అంగడి మీద చర్య ఏదీ రాలేదు. నాలుగు నెలల తర్వాత యాప్ మారింది. నెట్ పోయినా పెట్టె ఉన్న శ్రుతిలోనే ఉండేటట్టు చేసినారు. ఇంకొక కాగితం కూడా వచ్చింది. అడిగిన కస్టమర్లకు నాబులు బిగించి ఇవ్వవచ్చు, గ్యారంటీ పోదు అని. నా పేరు అందులో లేదు, ఇంజనీరమ్మ పేరూ లేదు. యాప్ ఇప్పటికీ తిక్క పనులు చేస్తుంది, ఊరికే పాస్‌వర్డ్ అడుగుతుంది. అయినా ఓనరు ఆ కాగితాన్ని ఫ్రేము కట్టించి నా బల్ల ఎదుట గోడకు తగిలించినాడు.

ఆ కాగితం రాకముందే, ఇంట్లో అడిగి తీసుకున్న ఏడాది తీరకముందే, ఆ పిల్లకు రెండోసారి పరీక్ష అయిపోయింది. మళ్ళీ అదే స్కూలు, అదే గది. టీచరమ్మ పెట్టెను పిల్ల చేతికి ఇచ్చింది. పిల్ల నాబు తిప్పుకుంది, కూర్చుంది, పాడింది. అనుపల్లవిలో పైకి పోయే చోట నేను కిటికీ చువ్వ గట్టిగా పట్టుకున్నాను. పెట్టె కదల్లేదు, పిల్ల కూడా కదల్లేదు. సర్టిఫికెట్ వచ్చింది, ఇప్పుడు డిప్లొమా రెండో ఏడు చదువుతోంది.

సర్వీసులోకి వచ్చే పిల్లలకు నేను చెప్పగలిగింది ఒకటే. వస్తువు తెచ్చిన మనిషిని వాడి చూపించమనండి, చేతులు కట్టుకొని చూడండి. తర్వాత ఏదైనా విప్పండి.

రిటైర్ అయిన వారం, చెప్పిపోదామని పులివెందులకు పోయినాను. టీచరమ్మ కాఫీ ఇప్పించి, "ఇన్నేండ్లు శ్రుతి పెట్టెలు బాగుచేస్తివి గదా, నీ శ్రుతి ఎంత?" అని అడిగింది.

నాకు తెలీదు. ఎప్పుడన్నా చర్చిలో పదిమంది నడుమ నిలబడి పాడేదాన్ని. అక్కడ ఎవరు ఎత్తుకుంటే అదే నాది. ఆ మాటే చెప్పినాను.

ఆమె నాబు మీద చెయ్యి పెట్టి, "స అను" అనింది. అన్నాను. ఒక బొట్టు జరిపింది. మళ్ళీ అన్నాను. ఇంకొక బొట్టు జరిపింది. వెనక మోగేది, నా లోపల మోగేది ఒకటైన చోట ఆమె వేలు ఆగింది.

"నాలుగున్నర" అనింది. "శనివారం శనివారం రా."

పోతున్నాను. సరళీ స్వరాలు దాటి జంట స్వరాల దాకా వచ్చినాను. నాకంటే ముందు చేరిన ఏడేండ్ల పాప నా పక్కన కూర్చొని, నా తాళం తప్పినప్పుడల్లా నా చెయ్యి పట్టుకొని తొడ మీద వేయిస్తుంది.